ఇద్దరు గైడ్లు, రెండు స్కాలర్ పేజీలు: గుండె పరిశోధనలో ఎవరి దగ్గర చేరాలి?

పోయిన నెల మా అక్క కూతురు నెల్లూరులో పినాకిని ఎక్కి మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్లో దిగింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, నేను అన్నం వడ్డించేలోపే ఫోన్ నా ముందు పెట్టింది. "పిన్నీ, ఈ ఇద్దర్లో ఎవరు పెద్ద సైంటిస్టో చెప్పు. పీహెచ్‌డీకి వాళ్ల దగ్గరే చేరతా."

ఫోన్లో రెండు గూగుల్ స్కాలర్ పేజీలు, ఎవరు ఏయే పరిశోధన పేపర్లు రాశారో చూపించేవి. ఇద్దరూ ఈ ఊళ్లో పనిచేసేవాళ్లే, ఇద్దరిదీ గుండె జబ్బుల పరిశోధనే. మొదటాయన పేరుమోసిన కార్డియాలజీ ప్రొఫెసర్: మూడొందల పైచిలుకు పేపర్లు, పంతొమ్మిది వేల సైటేషన్లు (అంటే ఆయన పేపర్లను వేరే పేపర్లు ఉటంకించిన సార్లు), హెచ్-ఇండెక్స్ 48 (ఇదేమిటో కింద చెబుతాను). రెండో ఆవిడ నలభై దాటిన ఎపిడెమియాలజిస్టు, అంటే జనంలో జబ్బుల తీరును లెక్కగట్టే మనిషి: 41 పేపర్లు, పదకొండు వందల సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 16. ఎవరో గుర్తుపట్టకుండా ఈ అంకెలు కొంచెం మార్చాను.

నేను ఇక్కడ ఒక మెడికల్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. ప్రొఫెసర్ల పేపర్ల లెక్కలు తీసి ప్రమోషన్ ఫైళ్లకు పట్టికలు కట్టడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. అందుకని నా జవాబు ముందే చెప్పేస్తాను: మా పిల్లకు రెండో ఆవిడే నయం. అయితే ఇవే రెండు పేజీలు ఇంకొకరు తెచ్చి చూపిస్తే మొదటాయన దగ్గరికే వెళ్లమంటాను. ఎందుకో తెలియాలంటే ఆ అంకెలు ఎలా పుడతాయో చూడాలి.

ఏ పేజీ తెరవాలి

గూగుల్ స్కాలర్ ఉచితం, 2004 నుంచి ఉంది, అందరికీ అలవాటైనది. దానికి ఆకలెక్కువ. థీసిస్‌లు, కాన్ఫరెన్స్ సారాంశాలు, ఇంకా ఎక్కడా అచ్చుకాని ప్రీప్రింట్లు, అన్నీ మింగుతుంది. కాబట్టి అంకె ఎప్పుడూ పెద్దదే వస్తుంది. పేజీ యజమాని పట్టించుకోకపోతే అదే పేరున్న వేరేవాళ్ల పేపర్లు కూడా దానంతట అదే చేర్చుకుంటుంది. మా డాక్టర్ ఒకాయన పేజీలో ఆయన పుట్టకముందు అచ్చయిన భౌతికశాస్త్రం పేపరొకటి చాలా ఏళ్లు ఉండిపోయింది. ఆయన తీయనూ లేదు, మేం చెప్పనూ లేదు.

పేపర్లనూ సైటేషన్లనూ లెక్కగట్టే ఇంకో సూచీ స్కోపస్, అది కూడా 2004లోనే మొదలైంది. ఎంపిక చేసిన పత్రికలనే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి అంకె కాస్త తగ్గుతుంది. పూర్తి స్కోపస్‌కు చందా కట్టాలి గానీ, రచయిత పేరు కొట్టి పేపర్ల సంఖ్య, హెచ్-ఇండెక్స్ చూడ్డం వరకూ ఉచితమే. ఈ సంగతి చాలామంది విద్యార్థులకు తెలియదు. వెబ్ ఆఫ్ సైన్స్ వీటన్నిటికీ పెద్దన్న. 1964లో యూజీన్ గార్ఫీల్డ్ తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ దీనికి మూలం. లెక్క గట్టిదే, కానీ కాలేజీకి చందా ఉంటేనే తెరుచుకుంటుంది.

నాలుగోది పబ్‌మెడ్, వైద్య పరిశోధన పేపర్ల సూచీ. సైటేషన్ల లెక్కకు అది పనికిరాదు. అయినా నేను ఎక్కువసేపు గడిపేది అక్కడే. ఎవరి పేరు ఎన్నో స్థానంలో ఉంది, ఏ సంస్థ నుంచి రాశారు, పేపరును తర్వాత వెనక్కి తీసుకున్నారా, ఇవన్నీ అక్కడ శుభ్రంగా కనిపిస్తాయి.

అంకెల కోసం స్కోపస్, చదవడానికి పబ్‌మెడ్, పేరు వెతకడానికి మాత్రం స్కాలర్: ఇది నా పద్ధతి. మీరు ఏది వాడినా ఇద్దర్నీ ఒకే చోట కొలవండి. ఒకరిది స్కాలర్ నుంచి, ఇంకొకరిది స్కోపస్ నుంచి తీసి పక్కపక్కన పెట్టిన ఫైళ్లు నా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి. ఒకరిని మానికతో, ఇంకొకరిని సోలతో కొలిచినట్టు.

హెచ్-ఇండెక్స్‌తో ఒక ఇబ్బంది

హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో దీన్ని ప్రతిపాదించాడు. పేపర్లన్నిటినీ సైటేషన్ల ప్రకారం పైనుంచి కిందికి పేర్చండి. పదో పేపరుకు కనీసం పది ఉండి, పదకొండోదానికి పదకొండు లేకపోతే హెచ్ 10. అంతే. ఒకే ఒక్క పేపరు అదృష్టం కొద్దీ పేలినా ఇది పెద్దగా పెరగదు. అది దీని మంచి గుణం.

చెడ్డ గుణం ఏమిటంటే ఇది ఎప్పటికీ తగ్గదు. మనిషి రిటైరైపోయినా, పదేళ్లుగా ల్యాబ్ గుమ్మం తొక్కకపోయినా పెరుగుతూనే ఉంటుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషినీ నలభై రెండేళ్ల మనిషినీ హెచ్‌తో పోల్చడమంటే తాతనూ మనవణ్ణీ వయసుతో పోల్చడమే. మొదటి పేపరు నుంచి గడిచిన ఏళ్లతో హెచ్‌ను భాగించమని హిర్షే చెప్పాడు. మా పిల్ల చేత ఆ లెక్క చేయించాను. మొదటాయన 34 ఏళ్లుగా రాస్తున్నారు: 1.4. రెండో ఆవిడ 13 ఏళ్లుగా: 1.2. ఇంతసేపూ కొండంత కనబడిన తేడా ఒక్క భాగహారంతో గట్టెత్తు అయింది.

ఐ10 ఇండెక్స్ మీద నాకు పెద్ద గౌరవం లేదు. కనీసం పది సైటేషన్లున్న పేపర్లెన్నో చెబుతుంది, గూగుల్ పేజీలో తప్ప ఇంకెక్కడా ఎవరూ అడగరు. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అయితే మనిషి గురించి ఏమీ చెప్పదు. అది ఆ పత్రికలో గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాలకు పడిన సైటేషన్ల సగటు. మంచి హోటల్లో తిన్నామన్నంత మాత్రాన మనం మంచి వంటవాళ్లం అయిపోము కదా. మనిషికి విలువ కట్టడానికి దాన్ని వాడొద్దని 2013లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన స్పష్టంగా చెప్పింది. మన కాలేజీల్లో మాత్రం ఇంటర్వ్యూ బోర్డులు ఇంకా అదే అడుగుతున్నాయి.

పేరు ఎన్నో స్థానంలో ఉంది?

ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. వైద్య పరిశోధనలో మొదటి పేరు పని చేసినవాళ్లది, చివరి పేరు చేయించినవాళ్లది. మధ్యలో ఉన్నవాళ్లు రోగుల్ని ఇచ్చి ఉండొచ్చు, లెక్కలు చేసి ఉండొచ్చు, ఒక మీటింగులో కూర్చుని కూడా ఉండొచ్చు.

గుండె పరిశోధనలో ఆ మధ్య భాగం ఎంత పొడుగుంటుందో చెప్పడానికి ఒక ముచ్చట ఉంది. 1993లో గుస్టో అనే అధ్యయనం అచ్చయింది. గుండెపోటులో గడ్డ కరిగించే మందులను 15 దేశాల్లో 41,021 మంది రోగుల మీద పోల్చిన పని అది. ఆ పేపరుకు తొమ్మిది వందల డెబ్భైకి పైగా రచయితలు! పేజీల కంటే రచయితలు వందరెట్లు ఎక్కువని చెప్పి ఆ ఏడాది దానికి సాహిత్యంలో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. నవ్వులాటకు ఇచ్చినా అధ్యయనం మాత్రం గొప్పదే. అన్ని ఆసుపత్రులు చెయ్యి కలపకపోతే ఆ ప్రశ్నకు జవాబు దొరికేది కాదు.

మన దేశంలోనూ అలాంటిది ఉంది. బెంగళూరు సెయింట్ జాన్స్ నుంచి నడిపిన, గుండెపోటు రోగుల వివరాలు నమోదు చేసిన క్రియేట్ రిజిస్ట్రీ 2008లో లాన్సెట్‌లో వచ్చింది: 50 ఊళ్లలో 89 కేంద్రాలు, 20,468 మంది రోగులు. పేదవాళ్లు ఆసుపత్రికి ఆలస్యంగా వస్తున్నారని, వాళ్లకు చికిత్స తక్కువ అందుతోందని అది చూపించింది. ఆ 89 చోట్ల ఫారాలు నింపినవాళ్లు లేకపోతే ఆ పేపరే లేదు. వాళ్ల పేరు జాబితాలో ఉండటం న్యాయమే. కానీ ఆ పేపరుకొచ్చిన సైటేషన్లన్నీ కలుపుకుని "ఈయన పరిశోధన ఇంతమందిని ప్రభావితం చేసింది" అనడం వేరే సంగతి.

మొదటాయన పేజీని ఇలాగే విడదీశాం. పంతొమ్మిది వేలలో పదమూడు వేలు తొమ్మిది పేపర్లవే. అన్నీ ప్రపంచవ్యాప్త జబ్బుల భారం లెక్కగట్టే బృందాలవి, లేదా పెద్ద బహుళ దేశాల ట్రయల్స్. వాటిలో ఆయన పేరు వందల మందిలో ఒకటి. అవి తీసేస్తే మిగిలింది ఆరు వేలు. అది చిన్నదేం కాదు, కానీ బొమ్మ మారింది. రెండో ఆవిడ 41 పేపర్లలో 17 మొదటి పేరు, 12 చివరి పేరు. ఆ 12లో మొదటి పేర్లెవరివని వెతికితే అందరూ ఆవిడ విద్యార్థులే. మా పిల్ల మొహం అప్పుడు మారింది.

పత్రికల్లో ఏటా "మన ప్రొఫెసర్ ప్రపంచ టాప్ 2 శాతంలో" అని వార్తలు వస్తాయే, అది స్టాన్‌ఫర్డ్‌కు చెందిన అయోనిడిస్ బృందం తీసే జాబితా. దాన్ని వెక్కిరించేవాళ్లున్నారు గానీ, మొదటి పేరు, చివరి పేరు, ఒంటరి పేరు, వీటికి విడిగా విలువ ఇస్తుంది కాబట్టి మామూలు సైటేషన్ మొత్తం కంటే నయమే. తమను తామే ఉటంకించుకున్నవి తీసేసిన లెక్క కూడా అందులో ఉంటుంది. జీవితకాలం జాబితా, ఒక్క ఏడాది జాబితా రెండూ వేర్వేరు. అది ఏ జాబితానో వార్తలో చెప్పరు, మీరే చూసుకోవాలి.

మన పేర్లతో తంటా

ఇది తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటుకు ఈ డేటాబేసుల్లో చోటు లేదు. ఒకే మనిషి ఒక పేపరులో రెడ్డి కె.వి., ఇంకోదాంట్లో రమణారెడ్డి కె., మూడోదాంట్లో వెంకట ఆర్. అవుతాడు. స్కోపస్ ముగ్గురు మనుషుల్ని తయారుచేస్తుంది, ముగ్గురికీ మూడు చిన్న హెచ్-ఇండెక్స్‌లు. దీనికి ఎదురుగా "రావు ఎస్." అని కొట్టండి, వందల మంది ఒకే మనిషిగా వచ్చి మీద పడతారు. తమిళుల కథ ఇంకోలా ఉంటుంది. ఇంటిపేరే ఉండదు కాబట్టి తండ్రి పేరు ఇంటిపేరైపోతుంది. పెళ్లయ్యాక పేరు మార్చుకున్న డాక్టరమ్మల రికార్డు రెండు ముక్కలవడం మేం రోజూ చూసేదే.

భీమవరంలో పుట్టి, సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి, 1923లో అమెరికా వెళ్లిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుకూ ఇదే జరిగింది. ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి రాస్తే, సూచీలన్నీ ఆయన్ను "సుబ్బారో వై." అని ఎక్కించుకున్నాయి. ఇంటిపేరు ఒక్క అక్షరమైంది, అసలు పేరు ఇంటిపేరైంది. ఆ పద్ధతి పేపరును దశాబ్దాల పాటు వేల మంది ఉటంకించారు. కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్ మీద ఆ ఇద్దరి పని 1927 నాటిది. నీరసించిన గుండె కండరంలో శక్తి ఎంతుందో చూసేవాళ్లు ఈనాటికీ ఆ పదార్థాన్నే కొలుస్తారు.

అందుకని ఎవరి రికార్డు చూసినా ముందు ఆర్కిడ్ నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ఉందేమో చూడండి. పదహారు అంకెలుంటుంది. అది ఉన్నవాళ్ల లెక్కను కాస్త నమ్మొచ్చు. లేకపోతే తక్కువగా కనబడే మనిషి నిజంగా తక్కువేమీ కాకపోవచ్చు.

గుండెలోనూ గదులు వేరు

కార్డియాలజీ అంతా ఒకే సంత కాదు. రక్త పరీక్ష కాగితంలో ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) అని ఉంటుంది కదా, చాలా ల్యాబుల్లో దాన్ని నేరుగా కొలవరు. మొత్తం కొలెస్ట్రాల్ లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతునూ తీసేస్తారు. ఆ సూత్రం 1972లో ఫ్రీడ్‌వాల్డ్ బృందం రాసిన చిన్న పేపరులోది. గుండె పరిశోధనలో అంతగా ఉటంకించిన పేపర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పద్ధతి చెప్పే పేపర్లకూ, చికిత్స మార్గదర్శకాలకూ సైటేషన్లు వాటంతట అవే వచ్చిపడతాయి. అలాంటి కమిటీలో కూర్చున్నవాళ్ల పేజీ ఉబ్బుతుంది.

రుమాటిక్ గుండె జబ్బు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. గొంతునొప్పితో మొదలై చిన్నపిల్లల కవాటాలు పాడుచేసే ఈ జబ్బు మన దగ్గర ఇంకా ఉంది, ధనిక దేశాల్లో దాదాపు పోయింది. దాని మీద జీవితమంతా పనిచేసినా ఉటంకించేవాళ్లు తక్కువ. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల ట్రయల్స్ చేసిన మనిషితో ఆ మనిషిని మొత్తాల్లో పోల్చడం అన్యాయం. ఈ తేడా సరిచేసే కొలతలున్నాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వారి ఐసైట్ ఉచితం. పబ్‌మెడ్ నంబర్లు ఇస్తే ప్రతి పేపరునూ దాని రంగంలోని పేపర్లతోనే పోల్చి ఒక నిష్పత్తి ఇస్తుంది. 1 అంటే ఎన్‌ఐహెచ్ డబ్బుతో వచ్చిన పేపర్లలో మధ్యస్థం. రెండో ఆవిడ మొదటి పేరున్న పేపర్లలో సగం దాన్ని దాటాయి.

ఇక ఒకే జనాభా మీద పుట్టే పేపర్ల వరసలు. చెన్నై అర్బన్ పాపులేషన్ స్టడీలో అయిదో నంబరుగా 2001లో వచ్చిన పేపరు, చూసినవాళ్లలో కరోనరీ జబ్బు 11 శాతం ఉందని చెప్పింది. శీర్షికలోనే నంబరు వేయడం నాకు నచ్చుతుంది. ఇది ఫలానా పెద్ద పనిలో ఒక ముక్క అని చదివేవాడికి తెలుస్తుంది. నంబరు వేయకుండా ఒకే దొండకాయను పది ముక్కలు చేసి పది కూరలని చెప్పేవాళ్లున్నారు. వాళ్ల పేపర్లలో "పద్ధతులు" అన్న భాగాన్ని పక్కపక్కన పెట్టి చదివితే దొరికిపోతారు.

సైటేషన్ వచ్చినంత మాత్రాన నిజం కాదు

హార్వర్డ్‌లో పియెరో అన్‌వెర్సా అనే ఆయన ఉండేవాడు. గుండెలో మూలకణాలతో కండరం మళ్లీ పెరుగుతుందని రాసిన ఆయన పేపర్లకు వేల సైటేషన్లు. 2018లో ఆయన ల్యాబ్ నుంచి వచ్చిన 31 పేపర్లను వెనక్కి తీసుకోవాలని హార్వర్డ్, అనుబంధ ఆసుపత్రి కలిసి పత్రికలకు సిఫారసు చేశాయి. అప్పటికే ఎన్నో ల్యాబులు ఏళ్లు ఖర్చుపెట్టి అదే దారిలో నడిచాయి. నెదర్లాండ్స్‌లో డాన్ పోల్డర్‌మన్స్‌ను 2011లో పరిశోధనా అక్రమాల మీద ఉద్యోగం నుంచి తీసేశారు. ఆపరేషన్ ముందు గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు ఇవ్వాలన్న ఆయన పని అప్పటికే మార్గదర్శకాల్లోకి ఎక్కింది. సైటేషన్ యంత్రానికి పొగడ్త, తిట్టు తేడా తెలియదు. తప్పని రాసినవాడు కూడా ఉటంకించే రాస్తాడు.

కాబట్టి గైడ్ పేరు, వెనక్కి తీసుకున్న పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేసులో ఒకసారి కొట్టండి. 2023 నుంచి దాని డేటా మొత్తం అందరికీ ఉచితం. ఒక పేపరు వెనక్కి పోయిందంటే భయపడక్కర్లేదు. తప్పు కనబడగానే తామే చెప్పి తీసేసినవాళ్ల మీద నాకు గౌరవం పెరుగుతుంది. ఎందుకు పోయిందో కారణం చదవండి.

ఇంకో వైపు, సైటేషన్లకు అందని ప్రభావమూ ఉంది. తమిళనాడులో చిన్న ఆసుపత్రుల్నీ, గుండె రక్తనాళాల అడ్డంకులు తీసే క్యాథ్ ల్యాబులున్న పెద్ద ఆసుపత్రుల్నీ కలిపి గుండెపోటు రోగుల్ని తరలించే పద్ధతిని 2,420 మందిలో పరీక్షించి 2017లో ప్రచురించారు. ఏడాదిలో మరణాలు 17.6 శాతం నుంచి 14.2కు తగ్గాయి. హెచ్-ఇండెక్స్ లెక్కలో దీనికీ మామూలు పేపరుకూ తేడా ఉండదు.

విద్యార్థులేమయ్యారు?

నన్నడిగితే పీహెచ్‌డీకి అసలు స్కాలర్ పేజీకన్నా మన యూనివర్సిటీల థీసిస్‌లు దాచే శోధ్‌గంగ పేజీ ముఖ్యం. గైడ్ పేరుతో వెతికితే ఎన్ని థీసిస్‌లు పూర్తయ్యాయో తెలుస్తుంది. ఆ విద్యార్థుల పేర్లు తీసుకుని పబ్‌మెడ్‌లో కొట్టండి. థీసిస్ పని వాళ్ల పేరు మొదట పెట్టుకుని అచ్చయిందా? ఎన్నేళ్లకు? యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరు, మళ్లీ రిజిస్టర్ చేస్తే ఇంకో రెండు. ఒకరి దగ్గర అందరూ ఆ చివరి రెండేళ్లలోకి జారుతున్నారంటే అడగాల్సిన ప్రశ్న అదే. ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగుర్ని, అసిస్టెంట్ నలుగుర్ని తీసుకోవచ్చు. రిటైర్మెంటుకు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. మొదటాయన విషయంలో ఈ ఒక్క లెక్క మేం చివర్లో చూశాం, నిజానికి మొదటే చూడాల్సింది. రిటైర్మెంటుకు ఆయనకు మిగిలింది మూడేళ్ల చిల్లర.

ట్రయల్స్ చేసేవాళ్లయితే సీటీఆర్ఐలో, అంటే మన దేశపు ట్రయల్స్ నమోదు రిజిస్ట్రీలో, చూడండి. మన దేశంలో 2009 జూన్ నుంచి ట్రయల్స్ అక్కడ నమోదు చేయడం తప్పనిసరి. నమోదై ఏళ్లు గడిచినా ఏ పేపరూ రానివి ఎన్నున్నాయో అక్కడ లెక్కపెట్టుకోవచ్చు.

ఇప్పుడు మొదటాయన దగ్గరికి ఎవర్ని పంపుతానో చెబుతాను. ఎం.డి., డి.ఎం. చేస్తూ ఒక్క డిసర్టేషన్ పూర్తిచేయాల్సిన డాక్టరును. ఆయన చివరి పేరున్న పేపర్లన్నీ అలాంటి రెసిడెంట్లవే, ఒక్కొక్కరిదీ ఒక్కో పేపరు. రోగులు, క్యాథ్ ల్యాబు, విదేశీ పరిచయాలు అన్నీ అక్కడున్నాయి. మూడేళ్లు చాలు వాళ్లకు. అయిదేళ్లు కూర్చుని గణాంకాలు నేర్చుకోవాల్సిన ఎమ్మెస్సీ పిల్లకు మాత్రం, డ్రాఫ్టు చదివే తీరిక ఉన్న మనిషి కావాలి.

మా బావ ఈ మాటలన్నీ విని, "అయితే నాకు స్టెంటు వేయించుకోవాలంటే ఏ ఇండెక్స్ చూడాలమ్మా?" అన్నాడు. ఏదీ వద్దు బావా, ఫోన్ మూసేసి అర్ధరాత్రి రెండింటికి కూడా క్యాథ్ ల్యాబు తెరిచి ఉంటుందో లేదో కనుక్కో అన్నాను.

పిల్ల రెండో ఆవిడ పాత విద్యార్థులిద్దరికి మెయిల్ పెట్టింది. ఒకమ్మాయి మర్నాడే జవాబిచ్చింది. మేడమ్ ఏ డ్రాఫ్టయినా వారంలోపు ఎర్ర గీతలతో తిప్పి పంపుతారట. స్టైపెండ్ మాత్రం ప్రాజెక్టు డబ్బు మీద నడుస్తుందట, ఆ ప్రాజెక్టు ఇంకో ఏడాదిన్నరలో అయిపోతుందట. అందుకని మా పిల్ల ఇప్పుడు జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పరీక్షకు కూర్చుంది. అది వస్తే నెలకు 37,000 సొంతంగా వెంట ఉంటుంది, గైడ్ ప్రాజెక్టు ఉన్నా ఊడినా.